మగ డాక్టరు వద్దన్న మా అమ్మమ్మ

మా అమ్మమ్మ మగవాడి చేత నాడి కూడా చూపించుకునేది కాదు. జ్వరం వస్తే వైద్యుడు వసారాలో కూర్చునేవాడట. అమ్మమ్మ లోపలి గదిలోంచి తన బాధ చెబితే, తాతయ్య గుమ్మంలో నిలబడి దాన్ని బయటికి చేరవేసేవాడు. చేరవేసేటప్పుడు సగం మాటలు మింగేసేవాడని అమ్మమ్మ ఫిర్యాదు. ఆమె ఎంత వివరంగా చెప్పినా ఆయన నోటి నుంచి వచ్చేది "కడుపులో నొప్పిట" అన్న ఒక్క ముక్కే. దానికి తగ్గట్టే మందూ వచ్చేది.

మా అమ్మ 1928లో గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టింది. అంతకుముందు అమ్మమ్మకు రెండు కాన్పులు ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద జరిగాయి. ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. ఒక బిడ్డ ఏడో రోజుకు పాలు తాగడం మానేసి, విల్లులా వంగి, కొయ్యబారిపోయాడట. అది ధనుర్వాతం అని నేను మెడిసిన్‌లో చేరాక అమ్మమ్మకు చెప్పాను. "పేరు తెలిసి ఇప్పుడేం లాభమే?" అంది. మూడోసారి నెలలు నిండుతుంటే తాతయ్య బండి కట్టించాడు. గుంటూరులో అందరూ ఆడ డాక్టర్లేనని నాలుగైదు ఇళ్లలో విచారించి నమ్మకం కుదిరాకే ఆవిడ బండెక్కింది. ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యంతో, ఇంటి మనిషి చేత వండించుకు తిన్నారు. ఆసుపత్రి నడిపే క్రైస్తవ మిషన్ వాళ్ల చేతి మంచినీళ్లు కూడా ముట్టకుండా బిడ్డను కని వచ్చానని అమ్మమ్మకు మహా గర్వం. మరి వాళ్ల చేతి మందు తాగావుగా అంటే, మందు గంగాజలంతో సమానమని శాస్త్రం చెప్పిందనేది. తనకు పనికొచ్చే శాస్త్రం ఆవిడ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

వార్డులోకి ఒక ముసలి దొరసాని వచ్చి తన నుదుటి మీద చెయ్యి వేసిందని, ఆవిడే కుగ్లరమ్మ అని చివరిదాకా చెప్పుకుంది. నిజమే అయి ఉండవచ్చు. అన్నా సారా కుగ్లర్ 1930లో చనిపోయేదాకా గుంటూరునే ఊరు చేసుకుని బతికారు. అమ్మ పుట్టేనాటికి ఆవిడకు డెబ్బై దాటాయి. ఆవిడ చదివింది అమెరికాలో, పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో. 1879లో పట్టా పుచ్చుకున్నారు. 1886లో మన ఆనందీబాయి జోషి డాక్టరైంది కూడా అక్కడే. కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చినప్పుడు మిషన్ వాళ్లు ఆవిడను వైద్యం కోసం పంపలేదు, ఇళ్లలో పరదా చాటున ఉండే ఆడవాళ్లకు చదువు చెప్పమని పంపారు. కానీ లోపల మంచం పట్టిన మనిషి మూలుగుతుంటే వచ్చిన డాక్టరు అక్షరాలు దిద్దిస్తూ ఎలా కూర్చుంటుంది? కొన్నేళ్లకు మిషనే దారికొచ్చి వైద్యం చేసుకోమంది. 1898లో ఆసుపత్రి లేచింది. వాళ్లు వచ్చింది మతం కోసం కాదా అని నన్ను నిలదీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మతం కోసమే వచ్చారు. మా అమ్మమ్మ మతం మారలేదు, మా అమ్మతో ఇల్లు చేరింది.

మద్రాసులోనూ కథ ఇలాగే మొదలైంది. అక్కడ ఒక న్యాయవాది భార్య మేరీ షార్లీబ్. మగ డాక్టర్ల దగ్గరకు రాలేక ఆడవాళ్లు పురిటి గదుల్లో చనిపోతున్నారని తెలిసి, ముందు మంత్రసాని పని నేర్చుకుంది. అది చాలదని అర్థమై, మెడికల్ కాలేజీలో చేర్చుకోమని అడిగింది. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ ఆవిడనూ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లనూ చేర్చుకుంది. ఇంగ్లండులోనే ఆడవాళ్లకు ఆ చదువు దొరకడం గగనంగా ఉన్న రోజులవి. 1885లో గోషా స్త్రీలకంటూ, అంటే పరదా చాటున ఉండేవాళ్లకంటూ, మద్రాసులో విడిగా ఆసుపత్రి పెట్టారు. దాని భవనానికి వెంకటగిరి రాజావారు భారీ విరాళం ఇచ్చారు. ఇప్పుడది ట్రిప్లికేన్ కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అనే అంటారు.

ఈ చరిత్ర చెప్పినప్పుడల్లా డాక్టర్ల పేర్లే వినిపిస్తాయి. నా ఉద్దేశంలో ఇందులో మొదటి పాత్ర మగ డాక్టరు వద్దని మొండికేసిన ఆడవాళ్లది. వాళ్లు సరేనని తల ఊపి ఉంటే మాకోసం ఏ కాలేజీ తలుపూ తెరుచుకునేది కాదు. వాళ్లు ప్రాణాలు పోయినా సరే రామన్నారు, పోయాయి కూడా. ఆ చావులు చూడలేకే దొరలూ జమీందార్లూ మిషన్లూ ఆడ డాక్టర్ల కోసం వెతుక్కున్నారు. మా చదువుకు ఫీజు కట్టింది ఆ మొండి ఆడవాళ్లేనని నేననుకుంటాను. అయితే ఆ కారణంగానే ఆ తలుపు చాలాకాలం ఒక్క గదిలోకే తెరుచుకుంది. అది కాన్పుల గది. దాన్ని దాటి పక్క గదిలోకి అడుగుపెట్టడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

నాకు 1969లో మెడిసిన్ సీటు వచ్చింది. నాన్న సంతోషించాడు, ఆ వెంటనే దిగులు పడ్డాడు. డాక్టరు పిల్లకు డాక్టరు మొగుణ్ణే తేవాలి, అంత కట్నం ఎక్కడి నుంచి తేవాలని ఆయన బెంగ. అమ్మమ్మ అల్లుడి ఎదుట పడేది కాదు. తలుపు వెనక నుంచే, "దాని కట్నం దాని చేతుల్లోనే ఉంటుంది లెండి అల్లుడుగారూ" అంది. నాన్న ఇంకేమీ అనలేదు.

కాలేజీలో అమ్మాయిలం ముందు బెంచీల్లో ఇరుక్కుని కూర్చునేవాళ్లం. చీర తప్పనిసరి. ఎనాటమీ హాలులో ఫార్మలిన్ వాసన చీర కుచ్చిళ్లలో ఇంకిపోయి, సెలవులకు ఇంటికి వెళ్లినా వదిలేది కాదు. జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూతపడి పరీక్షలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. ఆ ఖాళీలో మా బ్యాచ్‌లో చాలామంది అమ్మాయిలకు పెళ్లిళ్లు అయిపోయాయి. కొందరు తాళితో తిరిగి వచ్చారు, ఒకరిద్దరు అసలు రాలేదు.

నేర్చుకోవడానికి అడ్డుపడినవి ఇప్పుడు చెబితే చాలా చిన్న విషయాల్లా అనిపిస్తాయి. అమ్మాయిల హాస్టలు గేటు చీకటి పడగానే మూసేవారు. అత్యవసర కేసులేమో వచ్చేవి రాత్రిళ్లు. అబ్బాయిలు అర్ధరాత్రి లేచి వెళ్లి పేగు మెలిపడ్డ కేసు చూసి, మర్నాడు మాకు కథగా చెప్పేవారు. ఆపరేషన్ థియేటర్ పక్కన డాక్టర్లు బట్టలు మార్చుకునే గది మగవాళ్లది. మేము నర్సుల గదిలో, వాళ్లను కాసేపు బయటికి పొమ్మని బతిమాలి మార్చుకునేవాళ్లం. అసలు పాఠమంతా ఆ మగవాళ్ల గదిలో టీ తాగుతూ జరిగేది. ఎందుకు అక్కడ కోశారు, ఎక్కడ చెయ్యి వణికింది, రేపటి కేసు ఎవరికి ఇవ్వాలి అన్నీ అక్కడే తేలిపోయేవి. మేము చేతులు కడుక్కుని వచ్చేసరికి ఏ నిర్ణయమూ మిగిలేది కాదు.

మా బ్యాచ్‌లో సర్జరీ తప్ప ఇంకేమీ చెయ్యనని పట్టుబట్టిన అమ్మాయి ఒకతె ఉండేది. అందరం వెక్కిరింపుగా సర్జనమ్మ అనేవాళ్లం. ఇక్కడా ఆ పేరే వాడతాను. ఆమె కుట్లు చూస్తే నిపుణురాలు కుట్టిన జాకెట్టు అంచు గుర్తుకొచ్చేది. పీజీ సీటు కోసం వెళితే అక్కడి పెద్దాయన, "ఏమ్మా, రేపు పెళ్లి, ఎల్లుండి పిల్లలు. ఒక మగపిల్లవాడి సీటు వృథా చేస్తావా?" అన్నాడు. కసిరినట్టు కూడా కాదు, తండ్రి బుజ్జగించినట్టు అన్నాడు. అందుకే దానికి జవాబు తోచలేదని ఆమె తర్వాత చెప్పింది. చివరకు మత్తుమందు శాఖలో డిప్లొమా ఇచ్చారు. ఆడవాళ్లకు సరిపోయే కుదురైన పని అన్నారు. కొద్ది నిమిషాలు ఆలస్యంగా కనిపెడితే మనిషి పోయే పనిలో కుదురేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడుపులో ఆమెకు ఊతమిచ్చిన పేరు ఒకటి ఉంది, రూపాబాయి ఫర్దూన్‌జీ. హైదరాబాద్ పార్శీ ఆడపడుచు. 1880ల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరి 1889లో చదువు ముగించింది. అక్కడి ఆంగ్లేయ సర్జన్ ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫాం అనే మత్తుమందు అంటే ప్రాణం. అది ప్రమాదకరమో కాదో తేల్చడానికి నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లోనే కమిషన్లు కూర్చున్నాయి. అలాంటి చోట చేయి తిరిగిన రూపాబాయి ప్రపంచంలోనే తొలి మహిళా మత్తుమందు వైద్యుల్లో ఒకరిగా పేరు తెచ్చుకుంది. 1909లో ఎడిన్‌బరో వెళ్లి ఇంకా చదువుకుంది. మా పాఠ్యపుస్తకాల్లో ఆవిడ పేరు ఒక్క చోట కూడా లేదు. ఆవిడ గురించి సర్జనమ్మకు చెప్పింది ఒక ముసలి థియేటర్ నర్సు.

నేను మాత్రం పెద్దగా పోట్లాడకుండానే ప్రసూతి శాఖలో చేరాను. అమ్మమ్మ కథలు వింటూ పెరిగినదాన్ని, ఇంకో పని నాకు తోచలేదు.

కాన్పుల వార్డు గురించి ఆడ డాక్టర్లు రాసే జ్ఞాపకాలు చాలావరకు పంచదార పాకంలా ఉంటాయి. నేను పనిచేసిన ఒక పెద్దాసుపత్రి వార్డు అలా లేదు. ఒక్కో మంచం మీద ఇద్దరు, మంచాల కింద ఇంకొందరు. నొప్పులతో అరిచే పిల్లను తొడ మీద కొట్టేవారు. "మొగుడి దగ్గర పడుకున్నప్పుడు లేదా ఈ అరుపు?" అని అరిచేవారు. అన్నది మగవాళ్లు కాదు. ఆయమ్మలూ నర్సులూ అన్నారు, మాలాంటి పట్టాలున్న డాక్టరమ్మలూ అన్నారు. ఆడవాళ్లు డాక్టర్లయితే ఆడవాళ్ల బాధ తీరిపోతుందన్న మాట నేను పూర్తిగా ఒప్పుకోకపోవడానికి ఆ వార్డే కారణం. నిద్ర లేని, జీతం చాలని, పైవాళ్ల చేత తిట్లు తినే మనుషులు కింద ఉన్నవాళ్ల మీద విరుచుకుపడతారు. అందులో ఆడా మగా తేడా లేదు.

ఆ వార్డులోనే ఒక మేడం ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆవిడ తరంలో పైకి వచ్చిన ఆడ డాక్టర్లలో చాలామంది చేసుకోలేదు, రెండూ సాగనిచ్చే ఇళ్లు దొరకడం కష్టం. చలికాలంలో చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుని వెచ్చబడ్డాకే రోగి కడుపు మీద చెయ్యి వేసేవారు. "నీ పేరేమిటమ్మా?" అని అడగకుండా పరీక్ష మొదలు పెడితే మమ్మల్ని బయటికి పంపేసేవారు. ఆవిడ ఉన్న పూట వార్డులో కొట్టడాలు ఉండేవి కావు, సెలవు పెట్టిన పూట మళ్లీ మొదలయ్యేవి. నాకు వైద్యం నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు, రోగిని ముట్టుకోవడం నేర్పింది ఆవిడే.

ఎక్కువ భయపెట్టింది గుర్రపువాతం. నెలలు నిండిన పిల్లకు కాళ్లూ మొహమూ ఉబ్బి, తల పగిలిపోతోందని, కళ్లు మసకలని అంటుంది. ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు, భూతవైద్యుడిని పిలుస్తారు. ఫిట్స్ మొదలయ్యాక బండిలో వేసుకుని వస్తారు. మాకప్పుడు ఉన్నది మద్రాసులో డాక్టర్ కృష్ణ మీనన్ రూపొందించిన మందుల మిశ్రమం. మూడు రకాల మందులతో పిల్లను మత్తులో ఉంచి, చీకటి గదిలో పడుకోబెట్టి, చప్పుడు కానీయకుండా కాపలా కాసేవాళ్లం. గ్లాసు సీసాల్లో సెలైను, నోట్లో నాలుక కొరుక్కోకుండా గుడ్డ చుట్టిన కర్ర. కొందరు బతికేవారు, ఎందుకు బతికారో మాకూ సరిగా తెలిసేది కాదు. 1995లో అంతర్జాతీయ పరిశోధన వెలువడ్డాక సంగతి తేలిపోయింది. అన్నిటికన్నా బాగా పనిచేసేది మెగ్నీషియం సల్ఫేట్, ఎంతో చవకైన ఉప్పు ఇంజెక్షను. అది వచ్చాక చీకటి గదులు పోయాయి. అయినా నన్నడిగితే, ఆ ఇంజెక్షను కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడింది పల్లెలో ఏఎన్ఎం, అంటే ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్త, చేతిలో ఉన్న బీపీ పరికరం. వాతం వచ్చాక మేము చూస్తాం. రాకముందే ఆమె చూస్తుంది.

ఏఎన్ఎంల గురించి ఇంకా చెప్పాలి. నా తొలి ఉద్యోగం పల్నాడులో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. జీపు ఉండేది, దానికి డీజిలు ఉండేది కాదు. స్టవ్వు మీద సిరంజిలు ఉడకబెట్టేవాళ్లం. అక్కడి ఏఎన్ఎం పదో తరగతి చదివి, శిక్షణ పొంది వచ్చిన మనిషి, వయసులో నాకన్నా పెద్ద. నన్ను "అమ్మా" అనేది, నేను "అక్కా" అనేదాన్ని. డాక్టరు అలా పిలవకూడదని పైఅధికారి ఒకాయన చెప్పి చూశాడు. గర్భిణులకు ఇనుప మాత్రలు ఇస్తే ఇంటికి వెళ్లి పెంటకుప్పలో పారేసేవారు. మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని భయం. మలం నల్లబడటం చూసి ఆ నమ్మకం ఇంకా గట్టిపడేది. నేను హిమోగ్లోబిన్ గురించి ఉపన్యాసం ఇచ్చాను, ఒక్కరూ వినలేదు. అక్క ఏం చేసిందంటే, తెల్లటి బిడ్డను కన్న ఒక రెడ్డిగారి కోడలు ఎన్ని మాత్రలు మింగిందో ఊరంతా చాటింది. అందరూ అడగడంతో మాత్రలు చాలలేదు. తెలుపు పిచ్చిని అలా వాడుకోవచ్చా అని నాకు అప్పుడు కోపం వచ్చింది, పాలిపోయిన కనురెప్పల్లో ఎరుపు కనబడ్డాక ఆ కోపం నిలవలేదు.

మంత్రసానులను కలుపుకు పోయింది కూడా అక్కే. బొడ్డు కొడవలితో కోసి పేడ అద్దేవాళ్లను తిట్టకుండా, ఉడకబెట్టిన బ్లేడూ దారమూ చేతికిచ్చి, "నీ చేతివాటం మంచిదే పిన్నీ, పనిముట్టే మంచిది కాదు" అనేది. గర్భిణులకు ధనుర్వాత టీకా వేయించడానికి పొలాల గట్ల మీదకు వెళ్లేది. అలాంటి అక్కలు వేలమంది నడిస్తేనే 2003లో ఆంధ్రప్రదేశ్ బాలింతలనూ పసికందులనూ చంపే ధనుర్వాతాన్ని అదుపు చేసిన రాష్ట్రంగా దేశంలో అందరికన్నా ముందు నిలిచింది. మొత్తం దేశానికి ఆ మాట 2015లో దక్కింది. అమ్మమ్మ అప్పటికి లేదు. ఉంటే, పేరు తెలిసినందుకు లాభం ఇదేనని చెప్పేదాన్ని.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత సహాయ శిబిరాలకు మమ్మల్ని పంపారు. శవాల గురించి చాలామంది రాశారు, నేను రాయను. ఒక మనిషి సంగతి చెబుతాను. ముప్పై కూడా నిండని ఆడమనిషి. కలరా టీకా వేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, కోసింది మళ్లీ కలుపుతారా?" అంది. చేతిలో పెద్ద గాయం ఉండటంతో దాని గురించే అనుకున్నాను. ఆమె అడిగింది గర్భనాళాల సంగతి. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంది. పిల్లలందరూ ఆ రాత్రి అలలో పోయారు. ఆ ప్రశ్న శిబిరాల్లో ఆమె ఒక్కతే అడగలేదు.

అంతకు ముందు ఏడాదే ఎమర్జెన్సీ. 1976–77లో దేశం మొత్తం మీద సుమారు 82 లక్షల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగితే, అందులో 62 లక్షల దాకా మగవాళ్లకు చేసినవే. బలవంతంగా చేశారని ప్రభుత్వమే కూలింది. ఆ దెబ్బకు మగవాళ్ల జోలికి పోవడానికి అందరూ జడిశారు. ఆ భారం ఆడవాళ్ల మీద పడింది, ఈసారి ఏ ప్రభుత్వమూ కూలలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ల వాటా ఒక్క శాతం కూడా లేదు. మగవాళ్లకు చేసేది పది నిమిషాల చిన్న కోత. ఈ మాట నలభై ఏళ్లుగా ప్రతి భర్తకూ చెబుతూనే ఉన్నాను. వినేదాకా మర్యాదగా వింటారు.

తర్వాత మాకూ ఒక నర్సింగ్ హోం వచ్చింది. మా తరం డాక్టర్లకు కోస్తా పట్టణాల్లో అదొక పద్ధతి. కింద ఆసుపత్రి, పైన కాపురం. భార్య ప్రసూతి డాక్టరు, భర్త సర్జనో పిల్లల డాక్టరో. బోర్డు మీద భర్త పేరు ముందు, పెద్ద అక్షరాల్లో. వచ్చే రోగుల్లో పదికి ఎనిమిది మంది భార్య కోసం వచ్చినవాళ్లు. పాపకు జడ వేస్తుంటే కింద నుంచి బెల్లు మోగేది. దువ్వెన పాప చేతికే ఇచ్చి దిగేదాన్ని. మా అమ్మాయి తన జడ తను వేసుకోవడం అలా తొందరగా నేర్చుకుంది. డాక్టరు కానని కూడా అంతే తొందరగా నిర్ణయించుకుంది.

ఆ నర్సింగ్ హోంల తరం చేసిన మేలు ఊళ్లకు తెలుసు. కీడు గురించి కూడా మాట్లాడుకోవాలి. తెల్లబట్ట అవుతోందనో నడుము నొప్పి అనో వచ్చిన ముప్పై అయిదేళ్ల కూలి మనిషికి గర్భసంచి తీసేయడం మన జిల్లాల్లో ఎంత మామూలైపోయిందంటే, 2015–16 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మందికి అది లేదు. దేశం సగటు 3 శాతం చిల్లర. కొందరు క్యాన్సర్ వస్తుందని బెదిరించారు. కొందరు రోగే అడిగిందని కోశారు. నిజమే, అడిగేవారు. "తీసేయండమ్మా, పిల్లలు పుట్టేశారు, ఇంక దాంతో పనేముంది? ముట్టయితే కూలి పోతోంది" అనేవారు. నాలుగు మాత్రలతో పోయే తెల్లబట్టకు ఒక అవయవం పోయేది. ఎముకలు ముందే గుల్లబారి, నలభై అయిదుకే వంగి నడిచేవారు. కోసినవారిలో ఆడ డాక్టర్లే ఎక్కువ, ఆ శాఖ మాదే కనుక. ఒకనాటి అమ్మమ్మలు మా మీద పెట్టుకున్న నమ్మకాన్ని మాలో కొందరు డబ్బు చేసుకున్నారు. ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాదు.

సిజేరియన్ల సంగతీ అంతే. 2019–21 సర్వేలో తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు కోతతోనే జరిగాయి. ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్లను నేనూ చూశాను. పంచాంగం చేతబట్టుకుని థియేటర్ గుమ్మం దగ్గర గడియారం చూసే తాతగారిని ఒప్పించడం కన్నా గుర్రపువాతాన్ని అదుపు చేయడం తేలిక. తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు సహజ కాన్పులు చేయించడంలో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. ఆ పిల్లలు పనిచేసే చోటికి ఒకసారి వెళ్లాను. నొప్పులు పడే అమ్మాయిని నడిపిస్తున్నారు, నడుము రుద్దుతున్నారు, అమ్మను పక్కన కూర్చోనిస్తున్నారు. మా మేడం ఉంటే సంతోషించేవారు.

ఇన్ని తప్పుల మధ్యనా చావులు తగ్గాయి. అది మాత్రం కాదనలేని సంగతి. 2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు చనిపోయే తల్లులు తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, దేశం సగటు 97. నా తొలి ఉద్యోగం రోజుల్లో కాన్పుకు వెళ్లే పిల్ల పసుపు కుంకుమలు పెట్టించుకుని, ఇంట్లో అందరి దగ్గరా సెలవు తీసుకుని బండెక్కేది. కాన్పు ఆడదానికి పునర్జన్మ అన్న మాట అప్పట్లో ఊరికే అన్నది కాదు. ఇప్పుడు వచ్చే పిల్లలు ఫోనులో ఫొటోలు దిగుతూ వస్తున్నారు. చూసి విసుక్కునేవాళ్లు ఉన్నారు, నాకు మాత్రం ముచ్చటగానే ఉంటుంది. రక్తహీనత మాత్రం మొండిది. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు అది ఇంకా ఉంది. అన్నం ఆఖరున తినే అలవాటు పోనంతకాలం మాత్రలు ఎంతని పనిచేస్తాయి?

మెడికల్ కాలేజీల్లో ఇప్పుడు చాలా చోట్ల అమ్మాయిలే ఎక్కువ. తిరుపతిలో 2014 నుంచి ప్రత్యేకంగా అమ్మాయిలకే ఒక కాలేజీ నడుస్తోంది. 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఒక పీజీ అమ్మాయిని ఆసుపత్రిలోనే, సుదీర్ఘమైన డ్యూటీ మధ్య సెమినార్ హాలులో నడుం వాల్చినప్పుడు, చంపేశారు. వార్త చూసి మా బ్యాచ్ వాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. అందరం మాట్లాడుకున్నది ఒకటే, పడుకోవడానికి గది. మాకూ లేదు. బల్ల మీద, బెంచీ మీద, ఒక్కోసారి ఖాళీ స్ట్రెచర్ మీద పడుకున్నాం. సీట్లు ఇచ్చినవాళ్లెవరికీ గదికి గడియ పెట్టించాలని ఇన్నేళ్లలో తోచలేదు.

సర్జనమ్మ మత్తుమందు డిప్లొమాతోనే ఇంగ్లండు వెళ్లింది. అక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కి, నలభై దాటాక సర్జన్ అయింది. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స ఆమె పని. మన దేశపు ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అదే. ఇక్కడ చాలామంది గడ్డ బాగా ముదిరాక వస్తారు. చెప్పుకోవడానికి సిగ్గు, చెప్పాక తీసుకువెళ్లే మనిషి లేకపోవడం. పదవీ విరమణ చేశాక ఏటా సంక్రాంతి తర్వాత వచ్చి కృష్ణా జిల్లా పల్లెల్లో ఉచిత శిబిరం పెడుతుంది. నేను పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుంటాను. నా చేతిరాత బాగాలేదని ఆమె సణుగుతుంది. సర్జన్లకు అందరి మీదా సణిగే హక్కు ఉంటుందని నేర్చుకున్నాను.

ఈసారి శిబిరానికి మా తమ్ముడి మనవరాలు కూడా వస్తానంది. ఎముకల శస్త్రచికిత్సలో పీజీ చేస్తోంది. ఆ పిల్ల సుత్తీ రంపమూ పట్టుకోవడం చూస్తే మా రోజుల పెద్దాయన ఏమనేవాడో. రొమ్ము పరీక్షల శిబిరంలో ఎముకల డాక్టరుకు పనేమిటే అని అడిగాను. "వచ్చేవాళ్లలో సగం మందికి మోకాళ్లు అరిగిపోయి ఉంటాయి కదా బామ్మా, వాటినెవరు చూస్తారు?" అంది.